లయనెల్ రోజ్‌ను బాక్సర్‌గా కూడా తూచి చూద్దాం

లయనెల్ రోజ్ పేరు ఎక్కడ వచ్చినా అతణ్ణి పరిచయం చేసే వాక్యం ఒక్కటే: బాక్సింగ్‌లో ప్రపంచ టైటిల్ గెలిచిన తొలి ఆస్ట్రేలియా ఆదివాసీ. అందులో అబద్ధం లేదు, అతిశయం అంతకన్నా లేదు. అయితే ఆ మాట విన్నాక మనసు అక్కడితో తృప్తిపడిపోతుంది కాబట్టి, ఆ టైటిల్‌ను ఎవరి చేతిలోంచి లాక్కున్నాడు, ఆ పని ఎంత కష్టమైనది అని అడిగేవాళ్ళు కరువయ్యారు. ఒక జాతి గౌరవానికి గుర్తుగా నిలిచినవాడి ఆటను ఎవరూ తూకం వేయకపోవడం కూడా అన్యాయమేనని నాకు చాలాకాలంగా అనిపిస్తోంది. రోజ్ ఆడిన బాంటమ్‌వెయిట్ అనే బరువు విభాగం చరిత్రను ఇష్టంగా చదువుకున్నవాడిగా ఆ తూకం నాకు తోచిన మేరకు ఇక్కడ వేస్తున్నాను.

ముందుగా లెక్కలు చెప్పుకోవాలి. రోజ్ మొత్తం 53 పోటీలు ఆడి 42 గెలిచాడు, 11 ఓడాడు. గెలిచినవాటిలో నాకౌట్లు 12 మాత్రమే. రోజ్‌కు ముందు అదే విభాగంలో ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్న బ్రెజిల్ బాక్సర్ ఏడర్ జోఫ్రే ఒక్కడే 50 నాకౌట్లు సాధించాడని గుర్తు చేసుకుంటే ఈ అంకె చిన్నగా కనిపిస్తుంది. టైటిల్ రోజ్ దగ్గర ఉన్నది కూడా 1968 ఫిబ్రవరి నుంచి 1969 ఆగస్టు వరకు, అంటే ఏడాదిన్నర. వీటిని మాత్రమే చూసినవాళ్ళు అతణ్ణి ఒక మామూలు ఛాంపియన్‌గా పక్కన పెడితే వాళ్ళను తప్పుపట్టలేం. కాని ఎదుటి మూలలో ఎవరు నిలబడ్డారన్నది ఈ అంకెల్లో కనపడదు.

బాంటమ్‌వెయిట్ అంటే 118 పౌన్లు, మన లెక్కలో సుమారు 53.5 కిలోలు. 2022లో నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచిన 52 కిలోల విభాగానికి ఇది కాస్త పైన ఉంటుంది. ఈ విభాగానికి పేరు ఒక చిన్నజాతి కోడిపుంజు మీదుగా వచ్చింది. పుంజు పౌరుషానికి ఒంటి బరువుతో పని లేదని గోదావరి జిల్లాల వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ పేరు అతికినట్టు సరిపోయే బాక్సర్ జపాన్‌కు చెందిన ఫైటింగ్ హరదా. 19 ఏళ్ళకే 1962లో ఫ్లైవెయిట్ ప్రపంచ టైటిల్ గెలిచిన హరదా, తర్వాత బరువు పెరిగి బాంటమ్‌వెయిట్‌లోకి వచ్చి 1965లో నగోయాలో జోఫ్రేను ఓడించి ప్రపంచ టైటిల్ లాక్కున్నాడు. మరుసటి ఏడాది టోక్యోలో మళ్ళీ ఓడించాడు. జోఫ్రే తన జీవితం మొత్తంలో 78 పోటీలు ఆడి రెండే ఓడాడు, ఆ రెండూ హరదా చేతిలోనే. గంట మోగిన క్షణం నుంచి ఎదుటివాడికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వకుండా మీదికి వస్తూనే ఉండడం హరదా పద్ధతి.

1968 ఫిబ్రవరి 27న టోక్యోలో అలాంటివాడి ముందు నిలబడ్డ రోజ్‌కు అప్పటికి 19 ఏళ్ళు. ఊరు హరదాది, జనం హరదా జనం, పోటీ 15 రౌండ్లు. ఆనాటి నలుపు తెలుపు దృశ్యాలను నేను చాలాసార్లు చూశాను. ప్రతిసారీ నా కళ్ళు రోజ్ చేతుల మీద కాక పాదాల మీదే నిలుస్తాయి. హరదా తల దించి దూసుకొస్తే రోజ్ తిన్నగా వెనక్కి పోడు, అరడుగు పక్కకు జరుగుతాడు. ఆ అరడుగుతో హరదా గుద్దు గాలిలో కలుస్తుంది, రోజ్ ఎడమచేతి జాబ్, అంటే చేయి చాచి వేసే సూటి గుద్దు, నేరుగా ముఖానికి తగులుతుంది. హరదా తిరిగి నిలదొక్కుకునేసరికి రోజ్ అక్కడ ఉండడు. ఇలా ఒకటి రెండు రౌండ్లు ఎవరైనా ఆడవచ్చు. అంత ఒత్తిడి కింద తొందరపడకుండా 15 రౌండ్లు ఆడడం అనుభవజ్ఞులకే కష్టం. చివరికి ఆ జపాన్ రాజధానిలోనే నిర్ణేతలు ఏకగ్రీవంగా రోజ్‌కు గెలుపు ఇచ్చారు. జోఫ్రే రెండుసార్లు ప్రయత్నించి చేయలేని పనిని ఇరవై నిండని కుర్రవాడు మొదటిసారే చేసి చూపించాడు. పరాయి గడ్డ మీద సాధించిన బాంటమ్‌వెయిట్ విజయాల్లో దీన్ని నేను మొదటి వరుసలో పెడతాను.

ఆ నిదానం ఎక్కడిదని ఆలోచిస్తే విక్టోరియా రాష్ట్రంలో వారాగల్ పట్టణానికి దగ్గరగా ఉన్న జాక్సన్స్ ట్రాక్ అనే ఆదివాసీల నివాసానికి వెళ్ళాలి. రోజ్ పెరిగింది అక్కడే, పేదరికంలో. చెట్ల మధ్య కంచె తీగ లాగి కట్టిందే రింగు, చేతులకు చుట్టుకున్న పాత గుడ్డలే గ్లవ్స్. అతనికి తొలి గ్లవ్స్ ఒక పత్రికా ఫోటోగ్రాఫర్ ఇచ్చాడు, అప్పటికి వయసు పదేళ్ళు. తొలి గురువు తండ్రి రాయ్. ఆయన డేరా బాక్సర్. మన జాతరల్లాంటి పల్లె సంతల్లో డేరా వేసి, బయట డప్పు కొట్టి జనాన్ని పోగు చేసి, లోపలికి వచ్చి మా వాడితో తలపడేదెవరని సవాలు విసిరేవారు. కుస్తీ తెలిసినవాడు, తాగి వచ్చినవాడు, పందెం కోసం వచ్చినవాడు, ఎవడు రింగు ఎక్కినా డేరా బాక్సర్ ఆడి తీరాలి. అక్కడ బతకాలంటే దెబ్బ తినకుండా ఉండడమే మొదటి విద్య. రోజ్ ఆటలో నాకౌట్లు తక్కువై తప్పించుకునే నేర్పు ఎక్కువై ఉండడానికి మూలం ఈ వారసత్వంలోనే ఉందని నా నమ్మకం. ఆ పచ్చి విద్యకు సాన పట్టినవాడు మెల్బోర్న్ శివారు ఎసెండన్‌లో తన ఇంటి పెరట్లోనే జిమ్ నడిపిన శిక్షకుడు జాక్ రెనీ.

టైటిల్ గెలిచాక రోజ్ సులువైన ప్రత్యర్థులను వెతుక్కోలేదు. అయిదు నెలలు గడవకముందే మళ్ళీ టోక్యో వెళ్ళి, 1964 ఒలింపిక్ స్వర్ణ విజేత తకావో సకురాయిని ఓడించాడు. డిసెంబరులో లాస్ ఏంజెలిస్ పక్కనున్న ఇంగిల్‌వుడ్‌లో మెక్సికో బాక్సర్ చుచో కాస్టిలోపై పాయింట్ల మీద నెగ్గితే, ఆ తీర్పు నచ్చని అభిమానులు అల్లర్లకు దిగారు. 1969 మార్చిలో మెల్బోర్న్‌లో బ్రిటన్‌కు చెందిన అలన్ రడ్కిన్‌తో మరో 15 రౌండ్లు ఆడి గెలిచాడు. ఏడాది లోపల మూడు దేశాల్లో టైటిల్ నిలబెట్టుకునే పోటీలు (డిఫెన్స్‌లు) మూడు, అన్నీ గట్టివాళ్ళతోనే.

1969 ఆగస్టు 22న ఇంగిల్‌వుడ్‌లోనే మెక్సికో బాక్సర్ రూబెన్ ఒలివారెస్ అతణ్ణి అయిదో రౌండులో నాకౌట్ చేసి టైటిల్ లాక్కున్నాడు. ఆ ఓటమికి సాకులు వెతకడం నాకు ఇష్టం లేదు. ఆ రాత్రి ఒలివారెస్ అన్ని విధాలా మెరుగైనవాడు. అయితే ఎదుగుతున్న ఒంటిని 118 పౌన్లకు కుదించుకోవడం రోజ్‌కు రానురాను గండంగా మారిందన్న మాట కూడా చెప్పకపోతే తూకం సరికాదు. మరుసటి ఏడాది పై విభాగంలో అతడు ఓడించిన ఇషిమత్సు సుజుకి తర్వాత 1974లో లైట్‌వెయిట్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 11 ఓటముల్లో ఎక్కువ భాగం టైటిల్ పోయాక వచ్చినవే. 1975లో మళ్ళీ రింగులోకి రాకుండా ఉంటే బాగుండేదని నా బాధ. బాంటమ్‌వెయిట్ వరుసలో జోఫ్రే, ఒలివారెస్, హరదాల తర్వాతే రోజ్‌కు చోటు ఇస్తాను. హరదాను ఓడించినా కింద ఎందుకు పెట్టానంటే, హరదా ఆ స్థాయిలో ఎన్నో ఏళ్ళు నిలిచాడు, రోజ్‌కు దక్కింది ఏడాదిన్నరే.

ఇంతా చెప్పి రింగు బయటి సంగతి వదిలేస్తే నేనూ అన్యాయం చేసినవాడినే అవుతాను. ఆదివాసీలను దేశ జనాభా లెక్కలోంచి మినహాయించిన రాజ్యాంగ నిబంధనను తొలగించాలని ఆస్ట్రేలియా ప్రజలు 1967 మేలో ఓటు వేశారు. తొమ్మిది నెలల తర్వాత రోజ్ గెలిచి వచ్చినప్పుడు మెల్బోర్న్ వీధుల్లో లక్షమందికి పైగా జనం అతని కోసం నిలబడ్డారు. 1968 సంవత్సరానికి ‘ఆస్ట్రేలియన్ ఆఫ్ ద ఇయర్’గా ఎంపికైన తొలి ఆదివాసీ అతడే. తర్వాతి జీవితం తిన్నగా సాగలేదు. తాగుడు, చేజారిన డబ్బు, చట్టంతో చిక్కులు, 2007లో పక్షవాతం. వారాగల్‌లో అతని విగ్రహం 2010లో వెలిసింది, 2011 మే 8న అతడు కన్నుమూశాడు.

1996లో కెయిర్న్స్ నగరంలో ఒక ఆరేళ్ళ ఆదివాసీ బాలుణ్ణి ఒక దుండగుడు బడి ఆవరణలోనే నిప్పంటించి కాల్చాడు. ఆ సంగతి తెలిసిన రోజ్ తన ప్రపంచ టైటిల్ బెల్టును ఆ పిల్లవాడు త్వరగా కోలుకోవాలని అతనికే ఇచ్చేశాడు. అప్పటికి రోజ్ చేతిలో డబ్బు నిలవని రోజులు. అమ్ముకుంటే మంచి ధర పలికే వస్తువు అది, టోక్యోలో హరదా ఎదుట 15 రౌండ్లు నిలబడి తెచ్చుకున్నది.