ఒక చెరువు, రెండు పంచాయతీలు: బఫర్ గీత కలపడంలో నా అనుభవం

తిరుపతి పరిసరాల్లోని ఒక గ్రామ పంచాయతీలో నేను కార్యదర్శిగా ఉన్న కాలంలో, మా ఊరికీ పక్క ఊరికీ ఉమ్మడిగా ఉన్న చెరువు చుట్టూ ఎంత మేర కట్టడాలను అనుమతించరాదో తేల్చి, రెండు పంచాయతీల చేత ఒకే గీతకు ఆమోదం పొందే పని నాకు అప్పగించారు. 2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాలు ఈ విషయాన్ని స్పష్టంగానే చెబుతాయి. చెరువు విస్తీర్ణం 10 హెక్టార్లు గానీ అంతకు మించి గానీ ఉంటే పూర్తి నీటిమట్టపు హద్దు, అంటే ఎఫ్‌టీఎల్, నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు ఖాళీగా వదలాలి. నియమం ఒకటే అయినా, చెరువుకు ఒక పక్క 9 మీటర్లు సరిపోతాయని, మరో పక్క 30 మీటర్లు వదలాలని వాదన నడుస్తూ ఉండేది.

కారణం రికార్డుల్లో ఉంది. ఆ చెరువు రెండు రెవెన్యూ గ్రామాల్లో రెండు వేర్వేరు సర్వే నంబర్లుగా నమోదై ఉంది. ఏ ఊరి అడంగల్ (సర్వే నంబర్ల వారీ భూమి, సాగు వివరాల రికార్డు) చూసినా తన భాగం మాత్రమే కనిపిస్తుంది, ఆ భాగం 10 హెక్టార్ల లోపే ఉంటుంది. ప్లాట్లు వేసేవారు తమ దరఖాస్తుకు తమ ఊరి కాగితాన్నే జతచేసి చిన్న చెరువు లెక్కన అనుమతి అడిగేవారు. రెండు ఊళ్ల ఎఫ్‌ఎంబీలను, అంటే సర్వే నంబర్ల కొలతల పటాలను, ఒకే స్కేలుకు తెచ్చి పక్కపక్కన అతికించినప్పుడు విస్తీర్ణం 10 హెక్టార్లను సులభంగా దాటింది. పొరుగు కార్యదర్శి ఆ పటాన్ని చూసిన తరువాత దూరం గురించిన వాదన దాదాపుగా ముగిసింది.

అసలు శ్రమ ఆ 30 మీటర్లను ఎక్కడి నుంచి కొలవాలన్నదానిలో ఉంది. రెవెన్యూ రికార్డులోని చెరువు పోరంబోకు హద్దూ, పూర్తి నీటిమట్టపు హద్దూ ఒకటి కావు. చెరువు నిండి మొరవ (మిగులు నీరు పొర్లి బయటికి పోయే గోడ) పోయే సమయంలో నీరు పోరంబోకును దాటి పట్టా భూముల్లోకి కూడా చేరుతుంది. అందువల్ల జలవనరుల శాఖ ఇంజనీరు మొరవ గోడ పైమట్టాన్ని ఆధారంగా తీసుకొని, లెవెల్ యంత్రంతో అదే ఎత్తును చెరువు చుట్టూ గుర్తిస్తూ పోవలసి వచ్చింది. ఆ మొరవ గోడను ఎవరో గతంలో కొంత పగలగొట్టి ఉన్నారు. గోడ తగ్గితే మట్టం తగ్గుతుంది, మట్టం తగ్గితే గీత లోపలికి జరుగుతుంది. కాబట్టి విరిగిన చోటు నుంచి గాక, చెక్కుచెదరకుండా మిగిలిన భాగం నుంచి కొలవాలని కార్యదర్శులం ఇద్దరమూ పట్టుబట్టాము. చెరువు నీటిని పొలాలకు వదిలే ఊరి నీరుగట్టి నిండు చెరువు నాడు నీళ్లు నిలిచిన గట్లను ఒక్కొక్కటిగా చూపించాడు, అవి యంత్రం చూపిన చోట్లకు చాలావరకు సరిపోయాయి. ఇటువంటి పనిలో నీరుగట్టిని ముందే పిలవకపోవడం మన కార్యాలయాలకున్న చెడ్డ అలవాటని నా అభిప్రాయం.

చెరువు ముంపు వైపున్న రైతులను ఒప్పించడం తేలిక కాలేదు. “పట్టా మాది, శిస్తు మేము కట్టినాము, ఇల్లు కట్టుకోకూడదంటే ఎట్ల సార్?” అని ఒక పెద్దాయన అడిగారు. పట్టా రద్దు కాదనీ, నీరు తగ్గాక సాగు చేసుకోవచ్చుననీ, కట్టడానికి మాత్రమే అనుమతి రాదనీ చెప్పాము. బఫర్‌గా వదిలిన నేలను లేఅవుట్‌లోని సామూహిక ఖాళీ స్థలంలో లెక్కించే వీలు నియమాల్లోనే ఉందన్న సంగతి ఆయనకు కొంత ఊరటనిచ్చింది.

ఉమ్మడి తనిఖీ నివేదిక మీద ఇద్దరు కార్యదర్శులు, ఇరు గ్రామాల సర్వేయర్లు, వీఆర్వోలు, ఇంజనీరు సంతకాలు చేశారు. రెండు పంచాయతీలూ వేర్వేరుగా తీర్మానం చేసినా, జతచేసిన పటం ఒక్కటే. ఆ పటం ప్రతిని తుడాకు (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థకు) కూడా పంపాము. హద్దు రాళ్లకు వరుస సంఖ్యలు వేసి, చెరువు సమీపంలోని ప్రతి ప్లానులోనూ దగ్గరి రాయి సంఖ్యనూ, అక్కడి నుంచి దూరాన్నీ చూపాలన్న షరతును రెండు చోట్లా ఒకే మాటల్లో రాసుకున్నాము.

మొరవ నుంచి పట్టణం వైపు సాగే వాగు విషయం ఇంకా మిగిలి ఉంది. వాగు వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, దాటకపోతే 2 మీటర్లే వదలాలని నియమం. ఆక్రమణల వల్ల వాగు ఇరుకైన చోట ఇప్పుడున్న వెడల్పును కొలిస్తే, ఆక్రమించినవారికే లాభం చేకూరుతుంది. స్వర్ణముఖి వంటి నదికైతే పట్టణ పరిధిలో 50 మీటర్లు, వెలుపల 100 మీటర్లు అని నియమమే రెండు దూరాలు పెట్టింది కనుక పొరుగు సంస్థలు ఎంత కూర్చున్నా ఆ తేడా పోదు. వాగుకు ఆ ఇబ్బంది లేదు. కనుక నేలమీది కొలతను గాక ఎఫ్‌ఎంబీలోని వెడల్పునే ఇరువైపులా ప్రమాణంగా తీసుకోవాలని దిగువ పట్టణ సంస్థకు లేఖ రాసి, మా తీర్మానాన్నీ పటాన్నీ దానికి జతచేశాము.