నల్ల స్క్రీన్‌కి ఎర్రర్ మెసేజ్ ఎక్కడినుంచి తేవాలి?

ఓపెన్‌జీఎల్‌తో, అంటే గ్రాఫిక్స్ కార్డు చేత బొమ్మలు గీయించే సాధనంతో, గ్రాఫిక్స్ కోడింగ్ కొత్తగా మొదలుపెట్టినోళ్లు నెట్‌లో ఎక్కువగా అడిగే డౌట్ ఒకటుంది, "ట్రయాంగిల్ రావట్లేదు, స్క్రీన్ అంతా నల్లగా ఉంది, ఏం చెయ్యాలి" అని. జవాబులు కూడా ఎప్పుడూ అవే. ఎర్రర్ ఏమొచ్చిందో పెట్టు, ముందు మ్యాట్రిక్సులు నేర్చుకుని రా, ఇదంతా పాత పద్ధతి, దాని తర్వాత వచ్చిన వల్కన్ నేర్చుకో. వల్కన్‌లో ఒక్క ట్రయాంగిల్ గీయాలంటే వెయ్యి లైన్ల దాకా రాయాలి, అది మొదటి వారం వాడికి చెప్పే మాటేనా?

నాకు ఎక్కువ బాధనిపించేది మాత్రం ఆ ఎర్రర్ మాటే. మామూలు ప్రోగ్రామ్ అయితే ఫలానా లైన్లో పోయింది అని అదే చెప్తుంది. ఓపెన్‌జీఎల్ నోరు విప్పదు, మనమే వెళ్లి అడగాలి, షేడర్ (గ్రాఫిక్స్ కార్డు మీద నడిచే చిన్న ప్రోగ్రామ్) కంపైల్ అవ్వకపోయినా ఆ లాగ్ మనమే తీసి చూసుకోవాలి, ఇక కల్లింగ్ (వెనక వైపు ముఖాలు గీయకుండా వదిలేసే సెట్టింగ్) ఆన్‌లో ఉండి ట్రయాంగిల్ పాయింట్లు తిరగేసి ఇచ్చామనుకోండి, అది దాని లెక్కలో తప్పే కాదు, వెనక వైపు కదా అని గీయకుండా వదిలేస్తుంది. లేని ఎర్రర్‌ని వాడు ఎక్కడినుంచి తెచ్చి పెడతాడు?

నేను నేర్చుకునేటప్పుడు రెండు రోజులు ఇలాగే కూర్చున్నా. నలుగురైదుగురు తిట్టాక ఒకాయన మాత్రం "బ్యాక్‌గ్రౌండ్ ఎరుపు చేసి చూడు, ఎరుపు వస్తోందా" అన్నాడు. వచ్చింది. అంటే విండో బానే ఉంది. "అయితే డ్రా కాల్ కింద జీఎల్ గెట్ ఎర్రర్ ప్రింట్ చెయ్యి" అన్నాడు, అంటే గీయమని చెప్పే లైన్ తర్వాత ఎర్రర్ ఏమైనా ఉందా అని ఓపెన్‌జీఎల్‌ని అడగడం. 1282 అని వచ్చింది, అంటే ఇన్‌వాలిడ్ ఆపరేషన్, ఇప్పుడు ఆ పని కుదరదని. నేను వీఏఓ (పాయింట్ల డేటా ఎలా చదవాలో గుర్తుపెట్టుకునే ఆబ్జెక్ట్) బైండ్ చెయ్యలేదు, కోర్ ప్రొఫైల్‌లో, అంటే పాత పద్ధతులు లేని ఓపెన్‌జీఎల్‌లో, అది లేకుండా డ్రా చెయ్యనివ్వదు. 2009లో వచ్చిన 3.1 వెర్షన్ నుంచే పాత పద్ధతులు తీసేశారు, పాఠాలు మాత్రం ఇప్పటికీ నెట్‌లో అలాగే ఉన్నాయి, వాటిలో ఏది పాతదో కొత్తవాడికి ఎలా తెలుస్తుంది చెప్పండి.

మొన్నొక కుర్రాడు మానిటర్‌ని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టాడు, టెక్స్చర్ (ఆకారం మీద అతికించే బొమ్మ) ఏటవాలుగా సాగిపోయి రంగులన్నీ కలిసిపోయి ఉంది. స్క్రీన్‌షాట్ తియ్యడం కూడా రాదా అని వాడి మీద పడ్డారు అందరూ. నిజానికి ఆ ఫొటోలోనే జవాబు ఉంది! ఆర్‌జీబీ బొమ్మ, పిక్సెల్‌కి 3 బైట్లు, వెడల్పు 250 పిక్సెళ్లు, అంటే వరసకి 750 బైట్లు, ఓపెన్‌జీఎల్ మనం మార్చకపోతే ప్రతి వరసా 4 బైట్ల లెక్కకి సరిపడా ఉందనుకుని 752 చొప్పున చదువుకుంటూ పోతుంది, దాంతో వరస వరసకీ 2 బైట్లు జరుగుతూ మొత్తం వంకరపోతుంది. ఆ 4 బైట్ల లెక్కని మార్చే సెట్టింగ్, అన్‌ప్యాక్ అలైన్‌మెంట్, 1 పెట్టమన్నా, రెండర్‌డాక్ అనే టూల్ ఫ్రీగా దొరుకుతుంది, ఫ్రేమ్‌లో ఏ కాల్ ఏం గీసిందో చూపిస్తుంది, అదీ వేసుకోమన్నా.

అడిగిందే అడుగుతుంటే విసుగు రావడం నాకూ తెలుసు, విసుగొచ్చిన రోజు నేనైతే జవాబివ్వకుండా వదిలేస్తా, ఇంకొకరు చూస్తారు.

గంటలో ఆ కుర్రాడు ఇంకో ఫొటో పెట్టాడు, మళ్లీ ఫోన్‌తోనే. బొమ్మ నిటారుగా వచ్చింది, కానీ తలకిందులుగా. ఈసారి కింద వాడే రాశాడు, "ఎర్రర్ చెక్ చేశా, 0 వస్తోంది, అంటే ఎర్రర్ ఏం లేదు, రెండర్‌డాక్‌లో కూడా తలకిందులుగానే ఉంది, లోడ్ చేసేటప్పుడే తిరగబడుతోందా?" అని.