ఆర్కాన్సా నదిలో గాలం: ఐదో ట్రిప్‌కి మొదటి చేప

అమెరికాలోని కొలరాడోలో, డెన్వర్ నుంచి ఆర్కాన్సా నది పారే లెడ్‌విల్‌కి కారులో రెండు గంటలు. ఊరు 3,100 మీటర్ల ఎత్తులో ఉంటుంది, అందుకే వెళ్లగానే నీళ్లు బాగా తాగి, ఆయాసం తగ్గాకే నదిలోకి దిగుతున్నాను.

ఏప్రిల్‌లో రెండుసార్లు వెళ్తే ఒక్కటీ పడలేదు. దారం విసిరినప్పుడల్లా వెనక పొదలకి చిక్కుకుని నాలుగు ఫ్లైలు (పురుగులా కనిపించే ఎర ముల్లులు) పోయాయి. జూన్‌లో మంచు కరిగి నది ఉరకలేస్తోంది, ఒడ్డు నుంచే వెనక్కి వచ్చేశాను. ఆగస్టులో చేప కొరికింది కానీ రాడ్ ఎత్తడం ఆలస్యమైంది.

మొన్న సెప్టెంబరులో బావమరిదిని తీసుకుని నది ఒడ్డున ఉన్న హేడెన్ మెడోస్‌కి వెళ్లాను. యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ) సైట్‌లో నది ప్రవాహం మనకి అలవాటైన క్యూసెక్కుల్లోనే ఇస్తారు, అది చూసుకునే బయల్దేరాం. తొమ్మిదడుగుల ఐదో నంబరు రాడ్, దారం చివర సన్నటి 5ఎక్స్ టిప్పెట్, దానికి 16వ సైజు ఫెసెంట్ టెయిల్ అనే ఫ్లై. పదహారేళ్లు నిండితే గాలం వేయడానికి లైసెన్స్ తప్పనిసరి. నీళ్లు 20 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కితే మాత్రం గాలం వేయను, చేప తట్టుకోలేదు.

ముందు మోకాలి లోతులో అరచేతంత రాయి తీసి తిరగేశాను. అడుగున మేఫ్లై అనే నీటి పురుగు పిల్లలు మూడు, చదునుగా రాయికి అతుక్కుని పక్కకి పాకుతున్నాయి. పక్కనే ఇసుక రేణువులు అంటించుకుని కట్టుకున్న కేడిస్ పురుగు గూడు, బియ్యపు గింజంత. ఈ చదును మేఫ్లైలు జింకుని అస్సలు ఓర్చుకోలేవు. అవి కనిపించాయంటే నీళ్లలో జింకు తగ్గినట్టే, నాకు ప్రాణం లేచొస్తుంది.

పదిన్నరకి పడింది! పదమూడు అంగుళాల బ్రౌన్ ట్రౌట్, ఒంటి మీద ఎర్రటి చుక్కలు, చుట్టూ లేత నీలం వలయాలు. చెయ్యి తడుపుకుని పట్టుకుని, నీళ్లలోనే ముల్లు తీసి వదిలేశాను.

"ఇంత కష్టపడి పట్టి వదిలేస్తున్నావేంటి బావా?" అన్నాడు బావమరిది.

ఈ నదిలో చేపలు మళ్లీ బతకడమే గొప్ప అని అప్పుడు చెప్పాను. ఇక్కడి వెండి, సీసం గనుల నుంచి యాక్ టన్నెల్ అనే సొరంగం గుండా ఆమ్లం, జింకు, కాడ్మియం కలిసిన నీళ్లు ఏళ్ల తరబడి ఈ నదిలోకే వచ్చాయి. అప్పట్లో చేపలు మూడు నాలుగేళ్లు బతకడమే గగనం. 1983లో ఈ ప్రాంతాన్ని సూపర్‌ఫండ్ జాబితాలో, అంటే ప్రభుత్వం శుభ్రం చేయించాల్సిన విషపు స్థలాల జాబితాలో, చేర్చారు. 1992 నుంచి గని నీళ్లలో ఆమ్లం విరిచి, లోహాలు అడుక్కి దిగాకే వదులుతున్నారు. 2014కల్లా లెడ్‌విల్ దగ్గర నుంచి పార్క్‌డేల్ దాకా 102 మైళ్ల నదికి గోల్డ్ మెడల్ హోదా వచ్చింది, ట్రౌట్ బాగా ఉన్న నీళ్లకి కొలరాడో ఇచ్చే గుర్తింపు అది. అది రావాలంటే ఎకరం నీటికి కనీసం 60 పౌండ్ల ట్రౌట్ ఉండాలి.

గాలం ఇష్టం లేనివాళ్లకి పాత గనుల మధ్యగా 11.6 మైళ్ల మినరల్ బెల్ట్ ట్రెయిల్ ఉంది, సైకిల్‌కి బాగుంటుంది. పిల్లల్ని మాత్రం గని మట్టి దిబ్బలెక్కనివ్వద్దు.

అక్టోబరులో బ్రౌన్ ట్రౌట్ గుడ్లు పెడుతుంది. అడుగున గులకరాళ్లు కడిగినట్టు మెరుస్తున్న చోటే గుడ్లుంటాయి, అక్కడ కాలు పెట్టకూడదు. ఈసారి రాడ్ ఇంట్లోనే వదిలేసి, ఒడ్డున కూర్చుని చూడ్డానికి వెళ్తున్నాను.