ఎంఎఫ్ఏ రీసెట్ చేయమని ఫోనొస్తే

నేను ఇంగ్లండ్‌లో ఐటీ సర్వీస్ డెస్క్‌లో, అంటే ఉద్యోగుల కంప్యూటర్, పాస్‌వర్డ్ ఇబ్బందులకు ఫోన్ ఎత్తే చోట పనిచేస్తున్నాను. ర్యాన్సమ్‌వేర్ (కంప్యూటర్ ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే దాడి) అనగానే వార్తల్లో రష్యా ముఠాలు, బిట్‌కాయిన్లు, డార్క్ వెబ్ అని పెద్ద పెద్ద మాటలు వినిపిస్తాయి గానీ, ఈ మధ్య జరిగిన దాడుల్లో కొన్ని మొదలైంది మాలాంటివాళ్లు ఎత్తే ఫోన్ దగ్గర. ఎవరో ఉద్యోగి పేరు చెప్పుకుని ఫోన్ చేస్తారు. కొత్త ఫోన్ కొన్నాను, లాగిన్ కోడ్ ఇచ్చే ఆథెంటికేటర్ యాప్ పనిచేయట్లేదు, పది నిమిషాల్లో మీటింగ్ ఉంది, పాస్‌వర్డ్ రీసెట్ చేసి ఎంఎఫ్ఏ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లో అడిగే రెండో తనిఖీ) కూడా మార్చేయండి అంటారు. నమ్మి చేశామా, ఇంటి తాళాలు మనమే దొంగ చేతిలో పెట్టినట్టు.

ఇందులో మనవాళ్లకి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఒకప్పుడు ట్రైనింగ్‌లో మోసగాడి మెయిల్‌ని స్పెల్లింగ్ తప్పులు చూసి పట్టుకోవచ్చని చెప్పేవాళ్లు. ఇప్పుడు స్కాటర్డ్ స్పైడర్ అని పిలుస్తున్న హ్యాకర్ల గుంపులో చాలామంది అమెరికా, బ్రిటన్‌లకు చెందిన కుర్రాళ్లే, ఇంగ్లిష్ వాళ్ల సొంత భాష. బ్రిటన్‌లోని పెద్ద స్టోర్లు మార్క్స్ అండ్ స్పెన్సర్, కో-ఆప్, హారడ్స్ మీద జరిగిన దాడుల కేసులో 2025 జులైలో ఇక్కడి దర్యాప్తు సంస్థ నేషనల్ క్రైమ్ ఏజెన్సీ అనుమానంతో అరెస్ట్ చేసిన నలుగురి వయసు 17 నుంచి 20 ఏళ్ల మధ్యే. అవతలి గొంతు ఇక్కడి యాసలో, ధీమాగా, కొంచెం విసుగ్గా మాట్లాడుతుంటే ఇవతల మనం మన యాసలో "సారీ, ముందు మీ మేనేజర్‌తో కన్ఫర్మ్ చేసుకోవాలి" అని నిలబడాలి. వచ్చిన కొత్తలో "నువ్వు చెప్పేది అర్థం కావట్లేదు, ఇంకెవరికైనా ఇవ్వు" అనే మాట పడనివాళ్లు మాలో తక్కువ. అలా మాటలు పడ్డ మనిషికి ఎదుటివాడి కంటే ముందు తన మీదే అనుమానం వస్తుంది. నాకే సరిగా వినపడలేదేమో, నిజంగానే పెద్ద మేనేజరేమో, కంప్లైంట్ పెడతాడేమో అని.

కంప్లైంట్ అంటే మాకు చిన్న విషయం కాదు. ప్రతి కాల్‌కీ ఎన్ని నిమిషాలు పట్టిందో లెక్క ఉంటుంది, కాల్ అయ్యాక కస్టమర్ ఇచ్చే రేటింగ్ ఉంటుంది. రెండూ పడిపోతే రివ్యూలో మాట వస్తుంది. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే, వీసాలు చూసే ప్రభుత్వ శాఖ హోమ్ ఆఫీస్ నుంచి లెటర్ వచ్చాక సాధారణంగా 60 రోజులే గడువు, ఈలోగా కొత్త స్పాన్సర్ (వీసాకి పూచీ ఉండే కంపెనీ) దొరకాలి, లేదంటే సామాను సర్దుకోవాలి. ఈ టెన్షన్ మోసగాడికి తెలియకపోవచ్చు, కానీ వాడి పని జరిగేది దాని వల్లే.

మార్క్స్ అండ్ స్పెన్సర్ సంగతే చూడండి. 2025 ఏప్రిల్‌లో, ఈస్టర్ సెలవుల సమయంలో దాడి జరిగింది. ఆన్‌లైన్ ఆర్డర్లు ఆరు వారాలకు పైగా ఆగిపోయాయి, లాభాల మీద దాదాపు 30 కోట్ల పౌండ్ల దెబ్బ పడుతుందని కంపెనీయే అంచనా వేసింది. వేరేవాళ్లలా నటించి, ఒక థర్డ్ పార్టీ ద్వారా లోపలికి వచ్చారని ఛైర్మన్ ఆర్చీ నార్మన్ పార్లమెంట్ కమిటీకి చెప్పారు. అమెరికాలో క్లోరాక్స్ కంపెనీ అయితే 2023 దాడి విషయంలో తన హెల్ప్‌డెస్క్ నడిపిన కాగ్నిజెంట్ మీద 38 కోట్ల డాలర్లకు దావా వేసింది. ఎవరో ఏమిటో కనుక్కోకుండానే పాస్‌వర్డ్ ఇచ్చేశారని క్లోరాక్స్ ఆరోపణ, మా బాధ్యత పరిమితమైన హెల్ప్‌డెస్క్ సేవల వరకే అని కాగ్నిజెంట్ జవాబు. తప్పెవరిదో కోర్టు చూసుకుంటుంది. నాకు మాత్రం ఆ వార్త చదువుతుంటే, ఆ కాల్ ఎత్తిన మనిషికి కాదనే స్వేచ్ఛ ఎంత ఇచ్చారో అనే ఆలోచనే వచ్చింది.

లోపలికి వచ్చాక జరిగేది పక్కా వ్యాపారం. సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లు ఒకరు, దాన్ని వాడుకుని దాడి చేసేవాళ్లు ఇంకొకరు, వచ్చిన సొమ్ములో వాటాలు. ముందు డేటా కాపీ చేసుకుంటారు, తర్వాత ఫైళ్లకు తాళం వేస్తారు, బ్యాకప్ ఉంది కదా అని డబ్బు కట్టకపోతే డేటా బయటపెడతామని బెదిరిస్తారు. కట్టినా గ్యారంటీ లేదు. 2024లో అమెరికాలో ఆసుపత్రుల బిల్లులు చూసే ఛేంజ్ హెల్త్‌కేర్ కోసం 2.2 కోట్ల డాలర్లు చెల్లించారు, సాఫ్ట్‌వేర్ ఇచ్చిన బ్లాక్‌క్యాట్ ముఠా, దాడి చేసిన తన పార్ట్‌నర్‌కే వాటా ఎగ్గొట్టి మాయమైంది, ఆ డేటాతో ర్యాన్సమ్‌హబ్ అనే ఇంకో ముఠా మళ్లీ బెదిరించింది.

దెబ్బ తగిలేది కంపెనీలకే అనుకుంటాం గానీ కాదు. 2024 జూన్‌లో క్విలిన్ ముఠా లండన్ ఆసుపత్రులకు రక్తపరీక్షలు చేసే సినోవిస్‌ని కొట్టింది, 'ఓ' గ్రూపు రక్తం కావాలని దాతలను పిలవాల్సి వచ్చింది. ఒక రోగి మరణానికి దారితీసిన కారణాల్లో ఆ దాడి వల్ల రక్తపరీక్ష ఆలస్యం కావడం కూడా ఉందని కింగ్స్ కాలేజ్ హాస్పిటల్ తర్వాత ధ్రువీకరించింది. నార్తాంప్టన్‌షైర్‌లో 158 ఏళ్ల చరిత్ర ఉన్న కేఎన్‌పీ అనే లారీల కంపెనీ 2023 దాడి తర్వాత మూతపడింది, సుమారు 700 మంది ఉద్యోగాలు పోయాయి. అక్కడ ముఠా ఒక ఉద్యోగి పాస్‌వర్డ్‌ని ఊహించి లోపలికొచ్చిందని భావిస్తున్నారు. 2025 సెప్టెంబర్‌లో జాగ్వార్ ల్యాండ్ రోవర్ ఫ్యాక్టరీలు నెల రోజులకు పైగా ఆగినప్పుడు, దానికి విడిభాగాలు ఇచ్చే చిన్న కంపెనీల్లో ఉన్న మనవాళ్లు రోజూ ఒకటే ప్రశ్న వేసేవాళ్లు: జీతం ఆగితే స్పాన్సర్‌షిప్ ఏమవుతుంది అన్నా? అప్పుడు ఎవరి దగ్గరా జవాబు లేదు. బ్రిటన్ ఆర్థిక వ్యవస్థకు ఆ ఒక్క దాడి వల్ల 190 కోట్ల పౌండ్ల నష్టమని సైబర్ మానిటరింగ్ సెంటర్ అంచనా, అందులో ఇలాంటివాళ్ల నిద్రలేని రాత్రులు ఎక్కడా లెక్కకు రావు.

మా డెస్క్‌లో ఇప్పుడు పద్ధతి మార్చారు. ఎంఎఫ్ఏ రీసెట్ అడిగితే కాల్ పెట్టేసి, మా రికార్డుల్లో ఉన్న నంబర్‌కే మేం తిరిగి ఫోన్ చేస్తాం. కాలర్ ఇచ్చిన నంబర్‌కి కాదు. అడ్మిన్ హక్కులున్న అకౌంట్ అయితే మేనేజర్ వీడియోలో కనిపించి ఒప్పుకోవాలి. కాలర్ అరిచినా, పేరు రాసుకుంటానని బెదిరించినా ఇంతే. కొత్తగా చేరిన తమ్ముళ్లకి, చెల్లెళ్లకి నేను చెప్పేది, కాదనడానికి క్షమాపణ అక్కర్లేదు, "ఇది మా రూల్" అని ఒక్క ముక్కలో చెప్పి టికెట్‌లో అంతా రాసిపెట్టండి.

ఇలాంటి డెస్క్‌లు నడిపే టీమ్ లీడ్లలో, డెలివరీ మేనేజర్లలో మనవాళ్లు బోలెడంతమంది ఉన్నారు. అన్నయ్యా, అక్కా, ఈ వెరిఫికేషన్ కాల్స్‌ని నిమిషాల లెక్కలోంచి తీసేయండి. రీసెట్ కాదన్నందుకు వచ్చిన తక్కువ రేటింగ్‌ని రివ్యూలో చూపించొద్దు. క్లయింట్ ఒప్పుకోకపోతే కాంట్రాక్ట్ రెన్యూవల్ టైమ్‌లో ఇదే అడగండి, రాతపూర్వకంగా.