కోస్తే పెరిగే పుండు

నాకు లూపస్ ఉంది, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదే తిరగబడే జబ్బు. ఎడమ పిక్క మీద సెగగడ్డలా లేచి, నాలుగు రోజుల్లో చితికి పుండైంది. కావలిలో షుగరు చూశారు, లేదు. యాంటీబయాటిక్స్‌కి లొంగలేదు. చచ్చిన కండ తీస్తే మానుతుందని కోశారు. వారం తిరిగేసరికి అరచేయంత అయింది.

జబ్బు పేరు పయోడెర్మా గ్యాంగ్రినోసమ్. 1930లో పెట్టిన ఈ పేరే దారి తప్పిస్తుంది. ఇది క్రిముల వల్ల వచ్చే చీము కాదు, గ్యాంగ్రీనూ కాదు. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు అదుపు తప్పి చర్మం మీదే పడతాయి. దెబ్బ తగిలిన చోటికి మరీ ఎగబడతాయి. కోస్తే పెరిగేది అందుకే. సూది గుచ్చిన చోట కూడా లేవొచ్చు.

అంచు ఊదారంగులో ఉండి లోపల గుల్లగా ఉంటుంది. నొప్పి పుండు సైజుకి మించి ఉంటుంది. లూపస్ వాళ్లకి ఇంకో చిక్కుంది. యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీల వల్ల రక్తం గడ్డకట్టినా, రక్తనాళాలు వాచినా ఇలాంటి పుండే పడుతుంది, వాటికి మందులు వేరు. అందుకే నెల్లూరు చర్మం డాక్టరు అంచు నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి, టీబీ, ఫంగస్ కల్చర్‌కి పంపి, ఆ యాంటీబాడీల కోసం కార్డియోలిపిన్ రక్తపరీక్ష కూడా చేయించారు. ఆ చిన్న కోత తప్పదు, పెద్ద కోత మాత్రం వద్దు.

నా బరువు 52 కిలోలు, మోతాదు దాన్ని బట్టే. ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ 40 మిల్లీగ్రాములు పొద్దున టిఫిన్ అయ్యాక వేసుకున్నాను. ముందు నొప్పి తగ్గింది, పుండు చాలా తర్వాత. నొప్పి పోయిందని మాత్రలు ఆపితే ప్రమాదం, నెలల మీద కొంచెం కొంచెంగా తగ్గించాలి. రోగనిరోధక శక్తిని అణిచే సైక్లోస్పోరిన్ కూడా పనిచేస్తుంది, కానీ లూపస్ కిడ్నీని తాకిన వాళ్లకి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), బీపీ చూడందే ఇవ్వరు. డాప్సోన్ అనే ఇంకో మందుకి ముందు జీ6పీడీ పరీక్ష ఉండాలి, ఆ ఎంజైమ్ తక్కువున్న వాళ్లకి ఎర్రకణాలు చితికిపోతాయి.

కట్టు మార్చడంలోనే ఎక్కువమంది పొరపడతారు. అంటుకున్న గుడ్డని లాగితే అదీ ఒక దెబ్బే, సెలైన్‌తో బాగా నాననివ్వాలి. సెలైన్ పోసి కడగాలి, రుద్దకూడదు. పుండు మీద పారాఫిన్ గాజ్ గుడ్డ, దాని మీద మెత్తటి గాజ్ గుడ్డ, ఆపైన రోల్ బ్యాండేజీ. చర్మానికి ప్లాస్టర్ అంటించొద్దు. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, పసుపు, ఆకుపసర్లు ఏవీ వద్దు. మన ఎండలకి చెమటతో కట్టు తడిస్తే సాయంత్రం దాకా ఆగకుండా మార్చుకోవాలి.

మానే ముందు ఊదా అంచు చదునవుతుంది, అక్కడినుంచి పుండు లోపలికి సన్నటి చర్మపు పోగులు సాగుతాయి. మచ్చ జల్లెడలా మిగులుతుంది. ఇప్పుడు ఏ ఆపరేషన్‌కి వెళ్లినా, పన్ను పీకించుకోవాలన్నా, ముందుగా ఆ మచ్చ చూపించి జబ్బు పేరు చెబుతాను.