తోక ఎక్కడ పోయిందంటే

పోయిన నెల వానలో డాబా మెట్ల మీద కాలు జారి, సరిగ్గా కూర్చునే చోట ఆనేట్టు దబ్బున పడ్డాను. డాక్టరుగారు ఎక్స్‌రే చూసి తోకెముక విరగలేదు గానీ మూడు వారాలు గట్టి కుర్చీ వద్దన్నారు. ఇంట్లోవాళ్లు మధ్యలో చిల్లు ఉన్న దిండు ఒకటి తెచ్చారు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసిన మా మేనల్లుడు "మామయ్యా, తోకే లేనప్పుడు తోకెముక దేనికి?" అన్నాడు. నా బాధ నాది, వాడి డౌటు వాడిది.

ఇలాంటి డౌటే బో షియా అనే కుర్రాడికీ వచ్చింది. న్యూయార్క్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తుండగా కారులో పోతూ తోకెముకకు దెబ్బ తగిలించుకున్నాడు, ఆ నొప్పితోనే అసలు తోక ఎలా పోయిందో చూద్దామని కూర్చున్నాడు. తోక పెరగడానికి కావలసిన జీన్లను తోకున్న కోతుల్లో, తోకలేని చింపాంజీ, గొరిల్లా, మనిషి లాంటివాళ్లలో పక్కపక్కన పెట్టి చూస్తే, టీబీఎక్స్‌టీ అనే జీన్‌లో మన వైపువాళ్లకు మాత్రమే ఒక చిన్న ముక్క ఎక్కువగా కనిపించింది. సుమారు 300 డీఎన్‌ఏ అక్షరాల ముక్క. 2024లో నేచర్ పత్రికలో వచ్చింది ఈ పని.

ఆ ముక్క పేరు ఆలూ (కూరలో వేసేది కాదు, ఆలూ-1 అనే ఎంజైమ్ దాన్ని కోస్తుంది కాబట్టి ఆ పేరు). రెట్రోఎలిమెంట్లనే జాతిలో ఇదొకటి. వీటి పద్ధతి మండలాఫీసులో నకలు తీయించుకున్నట్టే ఉంటుంది: అసలు కదలదు, దాని నుంచి ఆర్‌ఎన్‌ఏ నకలు ఒకటి బయటికొస్తుంది, ఆ ఆర్‌ఎన్‌ఏని మళ్లీ డీఎన్‌ఏగా తిరగరాసి జీనోమ్‌లో (అంటే మన మొత్తం డీఎన్‌ఏలో) ఇంకెక్కడో అతికించేస్తాయి. ఇలా వెనక్కి తిరగరాసే ఎంజైమ్‌ని 1970లో టెమిన్, బాల్టిమోర్ అనే శాస్త్రవేత్తలు వైరస్‌లలో కనిపెట్టారు. ఆలూకి ఆ మిషన్ సొంతంగా లేదు. లైన్-1 అనే ఇంకో పెద్ద రెట్రోఎలిమెంట్ దగ్గర ఉంది, దాని మిషన్ మీదే ఆలూ తన కాపీలు తీసుకుంటుంది, అదీ ఒకటీ రెండూ కాదు, మనలో పది లక్షలకు పైనే ఉన్నాయి. అన్నీ కలిపితే మన జీనోమ్‌లో 40 శాతానికి పైగా ఈ రెట్రోఎలిమెంట్లే, ప్రోటీన్లు తయారుచేసే భాగం చూస్తే 2 శాతం కూడా లేదు.

తోక సంగతికొస్తే, ఆ ఆలూ జీన్‌లో పనిచేసే భాగం మీద పడలేదు, పక్కన ఖాళీగా ఉన్న జాగాలో పడింది. కానీ ఆ భాగానికి అవతలి పక్క ఇంకో పాత ఆలూ తిరగేసి కూర్చుని ఉంది. ప్రోటీన్ తయారీకని ఆ జీన్ నుంచి ఆర్‌ఎన్‌ఏ నకలు తీసినప్పుడు ఈ రెండూ ఒకదానికొకటి అతుక్కుని, బట్టను మడతేసి కుట్టినట్టు మధ్య భాగాన్ని లోపలికి మింగేస్తాయి. ప్రోటీన్ పొట్టిదైపోతుంది. ఇది జరిగి సుమారు రెండున్నర కోట్ల ఏళ్లయింది, అంటే అల్లరి పిల్లల్ని "తోక కత్తిరిస్తా" అని మనం బెదిరించేది వట్టి దండగ.

ఎలుకల్లో ఆ పొట్టి ప్రోటీన్ తయారయ్యేట్టు చేసి చూస్తే కొన్ని పొట్టి తోకతో, కొన్ని అసలు తోకే లేకుండా పుట్టాయి. కొన్నిటికి మాత్రం వెన్నుపాము సరిగ్గా మూసుకోలేదు, మన పిల్లల్లో వచ్చే స్పైనా బైఫిడా లాగా. నాకు ఇదే ఆసక్తిగా అనిపించింది. ఈ రెట్రోఎలిమెంట్లని ఒకప్పుడు చెత్త డీఎన్‌ఏ అని కొట్టిపారేశారు, ఇప్పుడేమో శరీరంలో ఏదీ వృథా కాదంటూ వాట్సాప్‌లో ఫార్వర్డ్‌లు. రెండూ తప్పేనని నా అభిప్రాయం. అవి మన కోసం ఏమీ చెయ్యడం లేదు, వాటి కాపీలు అవి తీసుకుంటున్నాయి, పడ్డ చోటును బట్టి మనకు లాభమో నష్టమో. ఎప్పుడో మన పూర్వీకులకు అంటుకుని జీనోమ్‌లో ఉండిపోయిన రెట్రోవైరస్ (ఇలాగే ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా తిరగరాసే వైరస్) ఒకటి ఇచ్చిన సిన్సిటిన్ అనే ప్రోటీనే తల్లి కడుపులో మాయ ఏర్పడేటప్పుడు కణాలను కలిపేస్తుంది. అదీ అలా కలిసొచ్చిందే.

ఇదంతా విన్నాక మావాడు "ఇప్పుడూ తిరుగుతున్నాయా అవి?" అన్నాడు. తిరుగుతున్నాయి. లైన్-1 ముక్కలు మనలో ఐదు లక్షల దాకా ఉన్నా చాలావరకు విరిగిపోయినవే, ఇంకా పనిచేసేవి ఒక్కొక్కరిలో 80-100 ఉంటాయి. 1988లో జాన్స్ హాప్‌కిన్స్‌లో కజాజియన్ బృందం హీమోఫీలియా ఉన్న 240 మందిని పరీక్షిస్తే, ఇద్దరు పిల్లల్లో రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫ్యాక్టర్ 8 జీన్ మధ్యలో లైన్-1 దూరి ఉంది. తల్లిదండ్రులకు ఆ చోట అది లేదు, కొత్తగా వచ్చి పడింది. ఆ ఇద్దరిలో ఒకరి నకలుకి అసలు ఎక్కడుందా అని వెతికారు, 1991లో దొరికింది, 22వ క్రోమోజోమ్ మీద, ఎక్కడిదక్కడే.