ఎనిమిది పడినప్పుడు

"డెబ్బై మీటర్ల దూరంలో ఎనిమిది. నువ్వెప్పుడైనా విల్లు ఎత్తావా?"

మా క్వాజంగ్‌నిమ్ అందరి ముందూ అడిగిన మాట ఇది. క్వాజంగ్‌నిమ్ అంటే మా సెక్షన్ మేనేజరు. ఇక్కడ కొరియాలో పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలవరు, హోదాతో పిలుస్తారు. నాలుగేళ్ళుగా ఉల్సాన్‌లో కారు విడిభాగాల ఫ్యాక్టరీలో అచ్చులు డిజైన్ చేస్తున్నాను. పనిలో తప్పు చేస్తే ఆయన పక్కకు పిలిచి మాట్లాడతాడు తప్ప నలుగురిలో ఎప్పుడూ అనలేదు. ఆ రాత్రి అన్నాడు.

2024 ఆగస్టు 2. ఇక్కడ రాత్రి పదిన్నర, విజయవాడలో ఏడు. హాస్టల్ కింది హాల్లో టీవీ ముందు ఎనిమిదిమంది కొరియావాళ్ళు, నేను. పారిస్ ఒలింపిక్స్‌లో ఆర్చరీ మిక్స్‌డ్ టీమ్ సెమీఫైనల్. వాళ్ళకు కిమ్ ఊజిన్, లిమ్ సిహ్యన్. మనకు అంకితా భకత్, మా బెజవాడ అబ్బాయి బొమ్మదేవర ధీరజ్. మన విలుకాళ్ళు ఒలింపిక్స్‌కు మొదటిసారి వెళ్ళింది 1988లో, అదీ సియోల్‌కే. అప్పటినుంచీ సెమీఫైనల్ దాకా చేరడం ఇదే మొదలు. మొదటి సెట్ మనదే అయింది. నాకు కాలు నిలవలేదు. "ధీరజ్‌ది మా ఊరే, మా ఊరే" అని అందరికీ చెప్పాను.

తర్వాతి సెట్టు పోయింది. పది పాయింట్లు పడాల్సిన బాణానికి ఎనిమిదే పడింది. ఫోన్లో మా ఇంటి గ్రూపు మోగుతూనే ఉంది. "ఎనిమిదేంట్రా, అంత దూరం వెళ్ళి!" అని నాన్న. "ఆ అమ్మాయి వల్లే పోతోంది" అని గుంటూరు బాబాయి. "చేతులు వణుకుతున్నాయి చూడండి, తిండి సరిగ్గా పెట్టరు" అని అత్తయ్య. నేనూ ఊరుకోలేదు. ఫోను నోటి దగ్గర పెట్టుకుని, "ఛీ, మళ్ళీ ఎనిమిదే! దీనికా ఇంతకాలం ప్రాక్టీసు?" అని గట్టిగా అని పంపాను. ఏమన్నావని క్వాజంగ్‌నిమ్ అడిగాడు. ఉన్నదున్నట్టు కొరియన్‌లో చెప్పాను. అప్పుడడిగాడు ఆ మాట.

అంతటితో ఆగలేదు. "మీ ఊరివాడన్నావు కదా, ఎక్కడ నేర్చుకున్నాడు? ఆ మైదానం చూశావా?" అన్నాడు. విజయవాడలో పుట్టి, ఇరవై ఆరేళ్ళు అక్కడే పెరిగి, అర్జునుడు తపస్సు చేసిన కొండకింద దసరాకు ప్రతిసారీ క్యూలో నిలబడ్డవాణ్ణి. నా దగ్గర జవాబు లేదు.

సెట్టుకు రెండు పాయింట్ల లెక్కన 6-2తో ఓడిపోయాం. కాంస్యం కోసం అమెరికాతో ఆడిన ఆటా అంతే, 6-2. నాలుగో స్థానం. నేను గదికెళ్ళి పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. ఓటమి కన్నా ఆ మాటే లోపల తిరిగింది.

మొదట నాకొచ్చింది కోపమే. ఏటా ఇంటినిండా పంట వచ్చేవాడికి గింజ రాలితే ఏం బాధ? వీళ్ళ ఆడపిల్లల జట్టు 1988 నుంచి పారిస్ దాకా పది ఒలింపిక్స్‌లో ఒక్క బంగారం కూడా వదల్లేదు. పారిస్‌లో ఆర్చరీ బంగారాలు అయిదుంటే అయిదూ వాళ్ళవే. కిమ్ ఊజిన్ చోంగ్జు నగర పాలక సంస్థ జట్టు మనిషి. అంటే ఊరే జీతమిచ్చి విల్లు పట్టిస్తుంది. మా ఊళ్ళో పిల్లవాడికి మంచి విల్లు కొనాలంటే తండ్రి బంగారం తాకట్టు పెట్టాలి. అలాంటి ఇళ్ళ నుంచి వచ్చి సెమీఫైనల్లో నిలబడ్డ పిల్లల మీద మేం ఆశపడటమూ తప్పేనా? మేం అరిచేది పరాయివాళ్ళ మీద కాదు. సొంతపిల్ల పరీక్షలో రెండు మార్కులు పోగొట్టుకుంటే మా ఇళ్ళలో ఏమంటారో అదే అన్నాం. మాటలు కటువుగా ఉండొచ్చు, అందులో పరాయితనం లేదు.

ఇంకా ఉంది. వీళ్ళ చూపరులు దేవతలేమీ కారు. టోక్యోలో మూడు బంగారాలు తెచ్చిన ఆన్ సాన్‌ను, జుట్టు పొట్టిగా కత్తిరించుకుందని, వీళ్ళ మగపిల్లలే ఆన్‌లైన్‌లో ఎన్నెన్ని మాటలన్నారు! మా బాబాయి అంకితను తిట్టాడు సరే, ఆ అమ్మాయి జుట్టు జోలికి మాత్రం పోలేదు.

ఇవన్నీ మర్నాడు క్వాజంగ్‌నిమ్‌తో అనాలనుకున్నాను. అనలేదు. అనలేకపోవడానికి కారణం భయం కాదు, మధ్యలో ఒక ముల్లు ఉంది. సొంతపిల్ల అన్నాను కదా, సొంతపిల్లకు ముందు అన్నం పెడతాం, తర్వాత తిడతాం. ధీరజ్ పారిస్‌లో ర్యాంకింగ్ రౌండులో 681 పాయింట్లతో నాలుగో స్థానంలో నిలిచిన రోజు మా గ్రూపులో ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. పతకం ఒక్క గెలుపు దూరానికి వచ్చినప్పుడే మాకు మనవాడయ్యాడు.

ఆ రాత్రి మా హాల్లో కొరియావాళ్ళు గట్టిగానే అరిచారు, అది మరచిపోకూడదు. టోక్యోలో కిమ్ జె-డొక్ అనే పదిహేడేళ్ళ కుర్రాడు "కొరియా, ఫైటింగ్!" అని గొంతు చించుకోవడం ప్రపంచమంతా చూసింది. విలుకాళ్ళకు గోల అలవాటు కావాలని బేస్‌బాల్ స్టేడియాల్లో జనం మధ్య బాణాలు వేయిస్తారు వీళ్ళు. అక్కడ అరవడానికి వెళ్ళిన చూపరి కూడా ఆ శిక్షణలో భాగమే. కానీ వాళ్ళ కేక బాణం వదలకముందు. విల్లు లాగేటప్పటికి హాలంతా నిశ్శబ్దం. ఎనిమిది పడితే "గ్వెన్‌చాన, గ్వెన్‌చాన" అంటారు, పర్లేదు పర్లేదు అని. మా కేక బాణం పడ్డాక. ఈ తేడాను నేను చాలా రోజులు నములుతూ ఉన్నాను. క్రికెట్‌లోనూ మేమింతే. క్యాచ్ జారాక పుట్టే కేక మాది.

సెప్టెంబరు 1న బుడమేరు పొంగి మా సింగ్‌నగర్ మునిగింది. అమ్మానాన్నలు మూడు రోజులు మేడమీదే ఉన్నారు, ఫోన్లు కలవలేదు. రోజూ పొద్దున నా బల్ల దగ్గరికొచ్చి "మాట్లాడారా?" అని అడిగింది క్వాజంగ్‌నిమే. చివరికి నాన్న గొంతు వినబడిన రోజు నాకు మధ్యాహ్నం నుంచి సెలవిచ్చి పంపేశాడు. అప్పటినుంచి ఆ రాత్రి మాటను నేను వేరేలా వినడం మొదలుపెట్టాను. పూర్తిగా ఒప్పుకున్నానని కాదు.

సంక్రాంతికి ఇంటికెళ్ళాను. గోడల మీద నీళ్ళ చార నా నడుం ఎత్తున ఇంకా కనిపిస్తోంది. ఈసారి వెళ్ళే ముందు మా ఊళ్ళోనే ఉన్న వోల్గా ఆర్చరీ అకాడమీ గురించి దొరికినంత చదివాను. చెరుకూరి సత్యనారాయణగారు కూతురు వోల్గానూ, కొడుకు లెనిన్‌నూ రోడ్డు ప్రమాదాల్లో పోగొట్టుకున్నారు. లెనిన్ అప్పటికే మంచి కోచ్, పోయింది 2010లో. అయినా ఆ తండ్రి పిల్లలకు విల్లు పట్టించడం ఆపలేదు. ధీరజ్, వెన్నం జ్యోతి సురేఖ ఇద్దరూ చిన్నప్పుడు అక్కడే నేర్చుకున్నారు. నాలుగేళ్ళకే కృష్ణలో ఈదిన సురేఖ, 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారాలు గెలిచింది. వ్యక్తిగత ఫైనల్లో కొరియా అమ్మాయి మీద 149-145. ఈ సంగతి క్వాజంగ్‌నిమ్‌కు తెలుసు. మా వీధిలో అడిగితే సగంమందికి తెలియదు.

నాన్న ముప్ఫై ఏళ్ళు ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టాడు. తలుపు చట్రంలో నూలు తేడా వస్తే మళ్ళీ విప్పించే మనిషి. ఆ నూలు కోసం, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు కోసం, కుర్రాళ్ళ మీద ఆయన అరిచిన అరుపులు వింటూ పెరిగాను. ఆయనకు ఆటగాళ్ళ కష్టం, దేశభక్తి అని చెబితే ఎక్కదు. కొలత చెబితే ఎక్కుతుంది.

కనుమ మర్నాడు పొద్దున్నే టేపు తీయించాను. డెబ్బై మీటర్లు, అంటే రెండువందల ముప్ఫై అడుగులు. మా గేటు దగ్గర మొదలుపెడితే ఇస్త్రీ బండి కూడా దాటిపోయింది. పది పడాల్సిన వలయం వ్యాసం 12.2 సెంటీమీటర్లు, నాలుగుముప్పావు అంగుళాలు. అట్టముక్క మీద గుండ్రంగా గీసి పసుపు పూశాను. అమ్మ చూసి "పూరీ అంత లేదు" అంది. ఆ అట్ట అక్కడ గోడకు ఆనించి వచ్చి, నాన్నను గేటు దగ్గర నిలబెట్టాను.

ఆయన కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. "ఉందా అక్కడ?" అన్నాడు.

"ఉంది నాన్నా. ఎనిమిది పడిందంటే దాని మధ్య నుంచి జానెడు కూడా పక్కకు పోనట్టు."

"చుట్టూ గాలి?"

"గాలి ఉంటుంది. మిక్స్‌డ్ టీమ్‌లో ఇద్దరూ కలిసి నాలుగు బాణాలు ఎనభై సెకన్లలో వదలాలి. పారిస్‌లో మగవాళ్ళ వ్యక్తిగత ఫైనల్లో కిమ్ ఊజిన్, అమెరికా అతను సమమైపోతే చివర ఒక్కో బాణం వేయించారు. ఇద్దరివీ పదే. కిమ్ బాణం మధ్యకు 4.9 మిల్లీమీటర్లు దగ్గర, దాంతో బంగారం."

నాన్న బొటనవేలి గోరు మీద చూపుడువేలు పెట్టి చూసుకున్నాడు. "నూలున్నర" అన్నాడు. ఇంకేమీ అనకుండా నడిచి వెళ్ళి ఆ అట్ట తెచ్చి, కొట్టుగదిలో తన పనిముట్ల పక్కన పెట్టుకున్నాడు.

2025 సెప్టెంబరులో ప్రపంచ ఆర్చరీ ఛాంపియన్‌షిప్ గ్వాంగ్జులో జరిగింది. ఉల్సాన్ నుంచి పొద్దున్నే బస్సెక్కాం, క్వాజంగ్‌నిమ్, నేను. 7వ తారీఖు, ఆదివారం. ఊరి నడిబొడ్డున 5.18 ప్రజాస్వామ్య కూడలిలో ఫైనల్స్. కప్పీలున్న కాంపౌండ్ విల్లు విభాగంలో మన మగవాళ్ళ జట్టు వాళ్ళు ఫ్రాన్స్‌ను 235-233తో ఓడించి బంగారం గెలిచారు. ఆ రోజే మిక్స్‌డ్ టీమ్, రిషభ్ యాదవ్, సురేఖ. ఎదురుగా నెదర్లాండ్స్. మన ఊరి అమ్మాయిని నేను మొదటిసారి కళ్ళారా చూసింది పరాయి దేశంలో. ఆ అమ్మాయి విల్లు లాగిన ప్రతిసారీ నా నోరు దానంతటదే మూసుకుంది.

157-155తో పోయింది. వెండి. చుట్టూ కూర్చున్న కొరియావాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, ఫోన్ తీయాలంటే భయంగా ఉంది. గ్రూపులో బాబాయి అప్పటికే "చేతిదాకా వచ్చిందిరా" అని రాశాడు. దాని కింద నాన్న గొంతు. చెవికి ఆనించుకుని విన్నాను.

"రెండు పాయింట్లే కదరా. ఈ ఆటలో పది వలయం ఎంత? ఆ రెండూ కలిపి ఎన్ని నూళ్ళుంటాయంటావ్?"

క్వాజంగ్‌నిమ్ నా వైపు తిరిగి ఏమన్నారని అడిగాడు. నూలుకు కొరియన్ మాట నాకు తెలియదు. బొటనవేలి గోరు మీద చూపుడువేలు పెట్టి, ఇంత, అని చూపించాను.